తత్త్వవేత్త: జీవితం, ఆలోచన

నిజం ఏమిటి, మేలు ఏమిటి, ఒక సంగతి తెలుసు అనడానికి ఏం కావాలి, న్యాయం మనుషులు చేసుకున్న ఏర్పాటా లేక దానికి వేరే ఆధారం ఉందా అనే ప్రశ్నలను జీవితకాలపు పనిగా పెట్టుకున్నవారు తత్త్వవేత్తలు. ఈ ప్రశ్నలు ఎవరికైనా తట్టేవే. బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ, కోర్టు మెట్లెక్కిన రైతుకూ ఏదో ఒక రూపంలో ఎదురయ్యేవే. తత్త్వవేత్త వాటిని అక్కడితో వదిలిపెట్టరు. దొరికిన జవాబుకు ఆధారం అడుగుతారు. ఆ ఆధారానికి వచ్చే అభ్యంతరాన్ని తామే వెతుక్కుంటారు. చివరికి ఆ పరీక్షకు తమ నమ్మకాలనూ నడవడినీ కూడా నిలబెడతారు. పండితుడికీ తత్త్వవేత్తకూ తేడా ఈ చివరి మెట్టు దగ్గరే వస్తుంది.

రెండున్నర వేల ఏళ్లుగా ఈ జీవితం రకరకాల రూపాల్లో సాగింది. తత్త్వవేత్తల్లో బానిసగా పుట్టినవారున్నారు, చక్రవర్తులున్నారు. కటకాలు సానపట్టి పొట్టపోసుకున్నవారున్నారు, జీతానికి పాఠం చెప్పిన ఆచార్యులున్నారు. వారు బతికిన తీరు, ఆలోచించిన పద్ధతి, అందుకు చెల్లించిన మూల్యం, తడబడిన చోట్లు ఈ వ్యాసంలోని విషయాలు.

సోక్రటీస్ వేసిన బాట

పాశ్చాత్య సంప్రదాయంలో తత్త్వవేత్త అనగానే మొదట గుర్తొచ్చేది ఏథెన్స్‌కు చెందిన సోక్రటీస్ (క్రీ.పూ. 469–399). తండ్రి రాతిపని చేసేవాడు, తల్లి మంత్రసాని. సోక్రటీస్ ఒక్క పుస్తకం కూడా రాయలేదు. ఆ కాలంలో సోఫిస్టులు రుసుము తీసుకుని వాక్చాతుర్యం నేర్పేవారు. ఆయన డబ్బు పుచ్చుకోకుండా అంగట్లోనూ వ్యాయామశాలల్లోనూ ఎదురైనవారితో మాట్లాడేవాడు. ఆ మాటల గురించి మనకు తెలిసినదంతా ప్రధానంగా శిష్యులు ప్లేటో, జెనోఫోన్ రాసిపెట్టినదే.

ఆయన పద్ధతి ఎలా ఉండేదో ప్లేటో రాసిన ‘యూథిఫ్రో’ సంభాషణలో కనిపిస్తుంది. యూథిఫ్రో తన కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి న్యాయస్థానానికి వస్తాడు. వారి పొలంలో పనిచేసే కూలీ ఒకడు తాగిన మత్తులో బానిసను చంపుతాడు. తండ్రి ఆ కూలీని కట్టించి గోతిలో పడేయించి, ఏం చేయాలో పెద్దలను అడిగి రమ్మని మనిషిని ఏథెన్స్‌కు పంపుతాడు. కబురు తిరిగి వచ్చేలోగా కూలీ ఆకలికీ చలికీ చనిపోతాడు. తండ్రి మీద అభియోగం తేవడం పుణ్యకార్యమేనని యూథిఫ్రో ధీమా. అయితే పుణ్యం అంటే ఏమిటో చెప్పమంటాడు సోక్రటీస్. నేను ఇప్పుడు చేస్తున్నదే అంటాడు యూథిఫ్రో. అది ఒక ఉదాహరణే కదా అంటాడు సోక్రటీస్. దేవతలకు ఇష్టమైనది పుణ్యం అన్న రెండో జవాబు వస్తుంది. దేవతలు తమలో తాము కీచులాడుకుంటారని మీ పురాణాలే చెబుతున్నాయి, ఒకరికి నచ్చింది మరొకరికి నచ్చకపోతే అప్పుడేమిటి అని అడుగుతాడు. చివరికి అసలు చిక్కు బయటపడుతుంది: దేవతలు ఇష్టపడ్డారు కాబట్టి ఒక పని పుణ్యం అయిందా, పుణ్యం కాబట్టే దేవతలు ఇష్టపడ్డారా? యూథిఫ్రో పని ఉందంటూ వెళ్లిపోతాడు. ఆ ప్రశ్న మాత్రం మతానికీ నీతికీ ఉన్న సంబంధం చర్చకు వచ్చినప్పుడల్లా నేటికీ ముందు నిలుస్తోంది.

క్రీ.పూ. 399లో, 70 ఏళ్ల వయసులో, నగరదేవతలను గుర్తించడం లేదని, యువకులను చెడగొడుతున్నాడని సోక్రటీస్ మీద అభియోగం వచ్చింది. దాదాపు 500 మంది ఉన్న న్యాయసభ మెజారిటీతో దోషి అని తేల్చింది. తప్పించుకునే ఏర్పాట్లు చేశామని మిత్రుడు క్రీటో చెరసాలకు వచ్చి చెప్పాడు. అప్పుడు కూడా సోక్రటీస్ వాదనకే దిగాడు. ఇన్నేళ్లు ఏ చట్టాల నీడలో బతికానో, తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చిందని వాటిని ఉల్లంఘించడం న్యాయమేనా అని తనను తాను విచారించుకుని, పారిపోనని తేల్చి విషం తాగాడు. ఆ వాదన సరైనదేనా అన్నది వేరే చర్చ. ఊరందరినీ అడిగిన ప్రశ్నను ప్రాణాల మీదికి వచ్చిన వేళ తనకు తాను వేసుకోవడం వల్లే తర్వాతి తరాలకు ఆయన కొలమానం అయ్యాడు.

తత్త్వం నిత్యసాధనగా

సోక్రటీస్ తర్వాత గ్రీకు తత్త్వం బడులుగా స్థిరపడింది. క్రీ.పూ. 387 ప్రాంతంలో ప్లేటో అకాడమీ, 335లో అరిస్టాటిల్ లైసియం, 306 ప్రాంతంలో ఎపిక్యూరస్ తోట, 300 ప్రాంతంలో జెనో స్థాపించిన స్టోయిక్ బడి ఏథెన్స్‌లోనే వెలిశాయి. వాటిలో చేరడమంటే పాఠాలు వినడంతో సరిపోయేది కాదు, తిండి, స్నేహం, కోపం, మృత్యుభయం అన్నిటిలోనూ మార్పు రావాలి. ఈ కోణాన్ని ఆధునిక పాఠకుల ముందు మళ్లీ నిలబెట్టినవాడు ఫ్రెంచి పండితుడు పియర్ హదో (1922–2010). ప్రాచీన తత్త్వగ్రంథాలను కేవలం సిద్ధాంతాలుగా చదివితే సగమే అర్థమవుతాయని, అవి మనసుకు ఇచ్చిన అభ్యాసాలని ఆయన వాదించాడు.

ఎపిక్యూరస్ పేరు చెప్పగానే భోగలాలస గుర్తుకు రావడం అన్యాయం. ఆయన తోటలో స్త్రీలకూ బానిసలకూ చోటు ఉండేది. అక్కడి భోజనం సాదా రొట్టె, నీళ్లు. ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే కాస్త జున్ను పంపమని ఆయన స్నేహితుడికి రాశాడని జీవితచరిత్రకారుడు డయోజెనీస్ లేర్టియస్ నమోదు చేశాడు. భయాలూ అనవసరమైన కోరికలూ తగ్గితే చాలినంత సుఖం అందుబాటులోనే ఉంటుందన్నది ఆయన సిద్ధాంతం.

స్టోయిక్ బడి మరో దారి చూపింది. మన చేతిలో ఉన్నది మన తీర్పు, మన సంకల్పం. ఆస్తి, ఆరోగ్యం, పేరు మన చేతిలో లేవు. ఈ రెండింటినీ కలగలపడమే దుఃఖానికి మూలం అంటారు వారు. బానిసగా పుట్టి తర్వాత స్వేచ్ఛ పొందిన ఎపిక్టెటస్ ఈ పాఠమే చెప్పాడు. క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోము సామ్రాజ్యాన్ని ఏలిన మార్కస్ ఆరేలియస్, యుద్ధ శిబిరాల్లో ఉన్న రోజుల్లో ఇదే పాఠాన్ని గ్రీకు భాషలో తన కోసం తాను రాసుకున్నాడు. ఎక్కడో అడుగున ఉన్న మనిషికీ, అందరికంటే పైనున్న మనిషికీ ఒకే అభ్యాసం పనికొచ్చిందన్నమాట. మరో స్టోయిక్ సెనెకా తన రాత్రి అలవాటును వర్ణించాడు. దీపం తీసేశాక, ఆ అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉండగా, ఆ రోజు తానన్న మాటలూ చేసిన పనులూ ఒక్కొక్కటే తిరగేసేవాడు. ఎక్కడ అనవసరంగా గొంతు పెంచాడో, ఎవరిని సరిదిద్దబోయి నొప్పించాడో దాచుకోకుండా ఒప్పుకుని, ఇంకోసారి అలా చేయకని తనకు తాను చెప్పుకుని నిద్రపోయేవాడు.

వాదానికి భారతీయ మర్యాద

భారతదేశంలో తత్త్వచింతన సభల్లో పెరిగింది. బృహదారణ్యకోపనిషత్తులో జనక మహారాజు వెయ్యి ఆవుల కొమ్ములకు బంగారం కట్టించి, మీలో గొప్ప బ్రహ్మజ్ఞాని ఎవరో వారు తోలుకుపొమ్మంటాడు. యాజ్ఞవల్క్యుడు శిష్యుణ్ని పిలిచి తోలుకుపొమ్మని చెప్పగానే సభ భగ్గుమంటుంది. ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు సంధిస్తారు. వారిలో గార్గి ఉంది. అన్నింటికీ ఆధారం ఏది, దానికి ఆధారం ఏది అని ఆమె వరుసగా తవ్వుతుంటే, ఇంకా అడిగితే తల పగులుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరిస్తాడు. ఆమె అప్పటికి ఆగినా, మళ్లీ లేచి మరో రెండు ప్రశ్నలు వేసి, జవాబులు విన్నాక ఈయనను ఎవరూ గెలవలేరని సభకు తానే చెబుతుంది. అడగడానికి ఎంత ధైర్యం కావాలో, ఒప్పుకోవడానికీ అంతే కావాలి.

న్యాయదర్శనం అనే తర్కశాస్త్రం ఈ సభలకు కట్టుబాట్లు రాసింది. నిజం తేల్చుకోవడానికి జరిపే చర్చ వాదం. గెలవడమే లక్ష్యంగా జరిపేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ని ఖండించడమే పనిగా పెట్టుకుంటే వితండం. వాది ఎప్పుడు ఓడినట్టో చెప్పే 22 నిగ్రహస్థానాలను గౌతముడి న్యాయసూత్రాలు లెక్కపెట్టాయి. ఒక అనుమానాన్ని, అంటే ఆధారాన్ని బట్టి తేల్చుకున్న సంగతిని, ఎదుటివారికి నిరూపించాలంటే అయిదు మెట్లు ఉండాలి. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పు ఉంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని వీటి పేర్లు.

అన్నిటికంటే విలువైన అలవాటు పూర్వపక్షం. తన సిద్ధాంతం చెప్పే ముందు ప్రత్యర్థి వాదాన్ని అతడు కూడా ఒప్పుకునేంత బలంగా చెప్పాలి. ఈ మర్యాద వల్లే 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన ‘సర్వదర్శన సంగ్రహం’ చార్వాక మతంతో మొదలవుతుంది. వేదాన్నీ పరలోకాన్నీ తోసిపుచ్చిన చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు అన్నీ పోయినా, వారి వాదాలు ప్రత్యర్థుల పుస్తకాల్లో బతికాయి.

బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు (క్రీ.శ. 2వ శతాబ్ద ప్రాంతం) ఈ మర్యాదను తన మీదికే తిప్పుకున్నాడు. దేనికీ సొంత స్వభావం లేదు, ప్రతిదీ మరోదాని మీద ఆధారపడే నిలుస్తుంది, అందుకే అన్నీ శూన్యం అని ఆయన వాదం. అన్నీ శూన్యమైతే ఆ మాట కూడా శూన్యమే కదా, శూన్యమైన మాట దేన్ని ఖండిస్తుంది? తన సిద్ధాంతానికి ప్రాణాంతకమైన ఈ అభ్యంతరాన్ని ఆయనే ‘విగ్రహవ్యావర్తని’ గ్రంథంలో ముందు పెట్టాడు. నా మాటా శూన్యమేనని ఒప్పుకున్నాడు. సొంత స్వభావం లేని కుండ నీళ్లు పట్టినట్టే, నా మాట కూడా చేయాల్సిన పని చేస్తుంది, స్వభావం ఉందన్న భ్రమను తొలగిస్తుంది అన్నాడు. ఈ సమాధానం చాలుతుందా లేదా అని పండితులు ఇప్పటికీ తర్కించుకుంటున్నారు.

ఆలోచన నడిచే తీరు

తత్త్వవేత్తకు ప్రయోగశాల లేదు. ఉదాహరణే పనిముట్టు. ఒక నిర్వచనం బాగానే ఉందనిపించినప్పుడు, అది ఎక్కడ విరుగుతుందో చూపే సందర్భాన్ని ఊహిస్తారు.

తెలుసుకోవడం అంటే నిజమైన, ఆధారమున్న నమ్మకం అని చాలాకాలం అనుకున్నారు. 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు దీనికి చిక్కుముడి లాంటి ఒక సంఘటన కల్పించాడు. మాంసం కాల్చడానికి ఎవరో అప్పుడే నిప్పు రాజేశారు. ఇంకా పొగ రాలేదు. వాసనకు పురుగులు గుంపుగా ముసిరాయి. దూరం నుంచి చూసినవాడు ఆ నల్లని గుంపును పొగ అనుకుని, అక్కడ నిప్పు ఉందని తేల్చాడు. అతడి నమ్మకం నిజమే, అక్కడ నిప్పు ఉంది. అతడి దృష్టిలో ఆధారమూ ఉంది. అయినా అతడికి తెలుసు అనగలమా? ఇది కేవలం అదృష్టం కదా. 1963లో అమెరికన్ తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో ఇదే జాతి ఉదాహరణలు ఇచ్చి, పాశ్చాత్య జ్ఞానసిద్ధాంతాన్ని కుదిపేశాడు. ఇద్దరి మధ్యా దాదాపు 1,200 ఏళ్ల దూరం ఉంది.

ఇలా ఒక్క ప్రశ్నతో పెద్ద సిద్ధాంతానికి పరీక్ష పెట్టినవారిలో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఒకరు. మనసు, శరీరం పూర్తిగా వేర్వేరు ద్రవ్యాలని, మనసుకు ఆకారమూ చోటూ లేవని రెనే డెకార్ట్ చెప్పాడు. 1643లో ఆమె ఆయనకు ఉత్తరం రాసింది. ఒక వస్తువు కదలాలంటే మరొకటి దాన్ని తాకాలి, నెట్టాలి. ఆకారం లేని మనసు చేతిని ఎలా కదిలిస్తుంది? డెకార్ట్ జవాబిచ్చాడు, ఆమె తృప్తి పడలేదు, మళ్లీ రాసింది. ఉత్తరాలు కొన్నేళ్లు సాగాయి. మెదడులో జరిగే రసాయన చర్యల నుంచి నొప్పి, రంగు, జ్ఞాపకం ఎలా పుడతాయన్న నేటి చర్చకు ఆమె అడిగిన ప్రశ్న తోబుట్టువు.

మరికొన్ని ఉదాహరణలు సరాసరి జేబు దాకా వస్తాయి. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలిని చూసి ఆస్ట్రేలియన్ తత్త్వవేత్త పీటర్ సింగర్ 1972లో ఒక వ్యాసం ప్రచురించాడు. లోతు లేని చెరువులో పసివాడు మునిగిపోతుంటే, బట్టలు బురదవుతాయని ఎవరైనా ఆగుతారా? ఆగరు. మరి దూరదేశంలో ఆకలితో ఉన్న బిడ్డకూ ఈ బిడ్డకూ దూరం తప్ప తేడా ఏముంది? ఈ వాదాన్ని తప్పుపట్టినవారు చాలామంది ఉన్నారు. సొంతవారి పట్ల మనకున్న ప్రత్యేక బాధ్యతను అది చిన్నచూపు చూస్తుందని వారి అభ్యంతరం. సింగర్ మాత్రం తన ఆదాయంలో కొంత భాగాన్ని దానధర్మాలకు ఇస్తూ వచ్చాడు.

కూడు, కొలువు, స్వేచ్ఛ

ఆలోచించడానికి తీరిక కావాలి, తీరికకు తిండి కావాలి. ఆ తిండి ఎవరు పెడతారన్నదాన్ని బట్టి తత్త్వవేత్త స్వేచ్ఛ మారుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదు వర్తక కుటుంబంలో పుట్టిన బరూఖ్ స్పినోజాను 1656 జూలై 27న, 23 ఏళ్ల వయసులో, అతడి మతసమాజం వెలివేసింది. ఎవరూ అతడితో మాట్లాడకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు. అతడు చిన్న చిన్న అద్దె గదుల్లో ఉంటూ సూక్ష్మదర్శినులకూ దూరదర్శినులకూ కటకాలు సానపట్టాడు. అతడి కటకాల నాణ్యతను శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ మెచ్చుకున్నాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఇస్తామని కబురు వచ్చింది. పిలిపించిన పాలకుడు కార్ల్ లుడ్విగ్, డెకార్ట్‌ను నిలదీసిన ఎలిజబెత్‌కు సోదరుడు. తత్త్వం చెప్పే స్వేచ్ఛ పూర్తిగా ఉంటుంది గానీ, రాజ్యం గుర్తించిన మతాన్ని కదపకూడదన్నది షరతు. ఆ స్వేచ్ఛకు హద్దు ఎక్కడో నాకు తెలియదంటూ స్పినోజా పదవిని మర్యాదగా వద్దన్నాడు. 1677లో 44 ఏళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. ప్రధాన గ్రంథం ‘ఎథిక్స్’ అదే ఏడాది మరణానంతరం వెలువడింది.

ఇమ్మాన్యుయేల్ కాంట్ (1724–1804) కొలువును ఎంచుకున్నాడు. కోనిగ్స్‌బర్గ్‌లో 1755 నుంచి 15 ఏళ్లు విద్యార్థులు ఇచ్చే రుసుముల మీద బతికి, 1770లో ఆచార్యుడై, 57వ ఏట 1781లో ‘శుద్ధబుద్ధి విమర్శ’ను ప్రచురించాడు. 1794లో మతం మీద రాసిన రాతలకు ప్రష్యా రాజు మందలిస్తే, ఇక ఆ విషయం జోలికి వెళ్లనని మాట ఇచ్చాడు. 1797లో ఆ రాజు చనిపోగానే, మాట ఆయనకే ఇచ్చానంటూ మళ్లీ కలం పట్టాడు. స్కాట్లండ్‌లో డేవిడ్ హ్యూమ్‌కు నాస్తికుడన్న ముద్ర వల్ల ఆచార్య పదవే దక్కలేదు. గ్రంథాలయాధికారిగా పనిచేస్తూ ఇంగ్లండ్ చరిత్ర రాసి సంపాదించుకున్నాడు.

లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ (1889–1951) ఐరోపాలోని పెద్ద ఉక్కు సంపన్నుల్లో ఒకరి కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక తన వాటా ఆస్తిని తోబుట్టువులకు రాసిచ్చి, ఆస్ట్రియా పల్లెబడుల్లో పంతులుగా పనిచేశాడు. 1939లో కేంబ్రిడ్జిలో ఆచార్యుడైనా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్ ఆసుపత్రిలో మందులు మోసే పనికి వెళ్లాడు. ఫ్రాన్సులో సిమోన్ వెయ్ (1909–1943) 1934–35లో బడి ఉద్యోగానికి సెలవు పెట్టి కర్మాగారాల్లో కూలీగా చేరింది. శ్రమ గురించి రాసేవారికి శ్రమ తెలియాలన్నది ఆమె పట్టుదల.

అధికారంతో తలపడినవారికి మరింత నష్టం జరిగింది. అలెగ్జాండ్రియాలో గణితమూ తత్త్వమూ బోధించిన హైపేషియాను 415లో ఒక మూక చంపింది. జియోర్డానో బ్రూనోను 1600లో రోములో సజీవంగా కాల్చారు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించిన బెర్ట్రండ్ రసెల్ 1918లో బ్రిక్స్‌టన్ జైలుకు వెళ్లి, అక్కడే గణిత తత్త్వం మీద పుస్తకం రాశాడు.

మాటకూ బతుకుకూ మధ్య ఎడం

తత్త్వవేత్తలను వారి కొలతతోనే కొలిస్తే చాలామంది తూగరు. నిరాడంబరత బోధించిన సెనెకా నీరో చక్రవర్తి కొలువులో అపార సంపద కూడబెట్టాడని సమకాలికులే ఎత్తిపొడిచారు. 1762లో పిల్లల పెంపకం మీద ‘ఎమిల్’ రాసిన రూసో తన అయిదుగురు బిడ్డలనూ అనాథాశ్రమానికి పంపేశాడు. ఆ సంగతి తన ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. 20వ శతాబ్దపు ప్రభావశీలుర్లో ఒకరైన మార్టిన్ హైడెగర్ 1933లో నాజీ పార్టీలో చేరి, ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి ఆ పాలనలో రెక్టర్‌గా ఉన్నాడు.

వ్యక్తుల లోపాలకంటే లోతైనవి కాలానికి లొంగిపోయిన వాదాలు. అరిస్టాటిల్ కొందరు స్వభావంచేతనే బానిసలని వాదించాడు. ఆత్మ అందరిలోనూ ఒకటేనన్న శంకరాచార్యులు, బ్రహ్మసూత్ర భాష్యంలో శూద్రులకు వేదాధ్యయన అధికారం లేదన్నారు. ప్రశ్న అందరిదీ అయినా, సభలోకి అందరినీ రానివ్వలేదు. ఈ గోడను బయటి నుంచి బద్దలుకొట్టినవారిని తత్త్వచరిత్ర ఆలస్యంగా గుర్తించింది. సిమోన్ ద బోవా 1949లో ‘సెకండ్ సెక్స్’ రాసి స్త్రీత్వాన్నే తత్త్వప్రశ్నగా మార్చింది. డాక్టర్ అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో కులానికి ఆధారంగా చూపే శాస్త్రప్రామాణ్యాన్నే హేతువు ముందు నిలబెట్టాడు. సిద్ధాంతాన్ని దాని సొంత మాటలతోనే పరీక్షించే పని ఈ ఇద్దరి చేతుల్లో సమాజం మొత్తం మీదికి మళ్లింది.

తెలుగు నేల మీద

కృష్ణా తీరంలోని నాగార్జునకొండకు ఆ పేరు నాగార్జునుడి వల్ల వచ్చిందంటారు. ఆయన ‘సుహృల్లేఖ’ను ఒక శాతవాహన రాజుకు రాసిన లేఖగా సంప్రదాయం చెబుతుంది. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోయే ముందు, 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో బయటపడిన విహారాల శిథిలాల్లో కొన్నిటిని దీవిగా మిగిలిన కొండ మీదికి తరలించారు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు తర్కం నేర్చుకునేవారి కోసం ‘తర్కసంగ్రహం’ రాశాడు. నేటికీ దేశమంతటా సంస్కృత పాఠశాలల్లో తర్కం దానితోనే మొదలుపెడతారు. వేమన అదే పరీక్షను పండితసభ నుంచి ఊరి రచ్చబండ దాకా తెచ్చాడు. కులాన్నీ, అర్థం తెలియని ఆచారాన్నీ ఆటవెలదుల్లో నిలదీశాడు.

ఇరవయ్యో శతాబ్దం నాలుగు భిన్నమైన దారులు చూసింది. తిరుత్తణిలో 1888లో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం, బంధువు ఒకరు చదువు ముగించి ఇచ్చేసిన పాఠ్యపుస్తకాలు. పేదరికంలో అవే దొరికాయి. హిందూ ధర్మంలో నీతికి చోటు లేదన్న క్రైస్తవ మిషనరీల విమర్శకు సమాధానంగా ఆయన 1908లో ఎంఏ వ్యాసం రాశాడు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా, తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడుగా, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతిగా పనిచేశాడు.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది తిరస్కార మార్గం. దివ్యజ్ఞాన సమాజం 1909లో అడయారులో ఆ పిల్లవాణ్ని జగద్గురువు రాబోయే వాహికగా ఎంచి, 1911లో ఆయన చుట్టూ ‘తూర్పు నక్షత్ర సంఘం’ కట్టింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్ శిబిరంలో సుమారు 3,000 మంది సభ్యుల ఎదుట ఆయన లేచి ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యాన్ని ఏ సంస్థా అప్పగించలేదని, తనకు అనుచరులు వద్దని చెప్పాడు. సంఘానికి వచ్చిన ఆస్తులను ఇచ్చినవారికి తిరిగి ఇప్పించాడు. తర్వాత 1986లో చనిపోయేదాకా దేశదేశాల్లో సంభాషణలు జరిపాడు. భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో జరిపినవి వాటిలో ప్రసిద్ధం.

గోరా పేరుతో తెలిసిన గోపరాజు రామచంద్రరావు (1902–1975) వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తికత వల్ల కళాశాల కొలువులు పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించాడు. 1947లో అది విజయవాడకు మారింది. గాంధీతో ఆయన జరిపిన చర్చలు పుస్తకంగా వచ్చాయి. కులం లేదని చెప్పడంతో ఆగక, తన పెద్ద కుమార్తెకు దళిత యువకుడితో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశాడు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో 1924లో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి విశ్వవిద్యాలయ మార్గంలో నడిచాడు. అద్వైతంలో శ్రుతికీ హేతువుకూ ఉన్న సంబంధం మీద ఆయన రాసిన గ్రంథం పండితుల గౌరవం పొందింది. ఆయన తెలుగులోనూ తత్త్వం రాశాడు.

నేటి చర్చలు

ఫ్రాన్సులో ఉన్నత పాఠశాల చివరి ఏడాది విద్యార్థులు తత్త్వశాస్త్రం చదివి నాలుగు గంటల పరీక్ష రాస్తారు. యునెస్కో ఏటా నవంబరు మూడో గురువారాన్ని ప్రపంచ తత్త్వశాస్త్ర దినంగా జరుపుతోంది. అయితే తత్త్వవేత్త పని ఎక్కువగా అవసరమవుతున్నది ఆసుపత్రుల నైతిక సంఘాల్లో, న్యాయస్థానాల్లో, యంత్రాలకు నిర్ణయాధికారం అప్పగిస్తున్న సాంకేతిక రంగంలో.

ఒక ఉదాహరణ ప్రాణరక్షణ యంత్రాల మీద ఉన్న రోగులది. 2018 మార్చి 9న భారత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కోలుకునే ఆశ లేని రోగికి కృత్రిమ చికిత్స నిలిపివేయడాన్ని షరతులతో అనుమతించింది. తన చివరి చికిత్స ఎలా ఉండాలో ముందే రాసిపెట్టుకునే హక్కునూ గుర్తించింది. 2023 జనవరిలో ఆ నిబంధనలను సులభం చేసింది. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం నేరంగానే ఉంది. చంపడం వేరు, చావనివ్వడం వేరు అన్న విభజన మీద ఈ చట్టం నిలిచింది.

ఆ విభజననే 1975లో అమెరికన్ తత్త్వవేత్త జేమ్స్ రేచల్స్ ప్రశ్నించాడు. ఆస్తి కోసం ఒకడు స్నానాల తొట్టిలో ఉన్న బాలుణ్ని ముంచి చంపాడు. అదే ఉద్దేశంతో వెళ్లిన మరొకడి కళ్ల ముందే బాలుడు జారిపడి మునిగిపోతుంటే, చెయ్యి అందించకుండా చూస్తూ నిలబడ్డాడు. రెండోవాడు చంపలేదు కాబట్టి తక్కువ దోషి అనగలమా? అనలేకపోతే, చేసిన పనికీ చేయకుండా ఊరుకున్న పనికీ ఉన్న తేడా ఒక్కటే నైతికంగా ఏమీ తేల్చదు అన్నది ఆయన వాదం. దీనికి ప్రత్యుత్తరాలు ఉన్నాయి. వైద్యుడి ఉద్దేశం తొట్టి దగ్గర నిలబడ్డవాడి ఉద్దేశం లాంటిది కాదు. యంత్రం తీసేశాక ప్రాణం తీసేది జబ్బు. వద్దన్న చికిత్సను బలవంతంగా కొనసాగించడమే హింస. చంపే అధికారం వైద్యుడికి ఇస్తే పేద రోగులకు రక్షణ తగ్గుతుంది. రేచల్స్ పక్షం వహించేవారు, యంత్రం తీసేశాక రోజుల తరబడి సాగే బాధను చూపి ఒక్కో జవాబునూ తిరిగి పరీక్షిస్తున్నారు. వైద్యకళాశాలల నీతిపాఠాల్లోనూ, వివిధ దేశాల చట్టసభల్లోనూ ఈ వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి.